బాడుగ కారు డ్రైవరుకు చెవుల పరీక్ష

గుండుగొలను దాటి రెండు మైళ్ళు వచ్చామో లేదో, క్లచ్ మీదున్న నా ఎడమ మోకాలు దానంతటదే ఆడడం మొదలుపెట్టింది. వానలకు రోడ్డంతా గతుకులు పడింది కదా, కారే ఊగుతోందనుకున్నాను. కాసేపటికి చేతులూ వణికాయి. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడే ఎండ, నాకు మాత్రం పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వెనక సీట్లో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తున్న పెళ్ళివారు ఉన్నారు. కారు పక్కకు తీసి ఆపి, "ఇంజను వేడెక్కిందండీ, కాస్త చల్లారనివ్వాలి" అని అబద్ధం చెప్పి, బానెట్ ఎత్తి దాని వెనక నక్కాను. ఇంజనుకేం, దివ్యంగా ఉంది. దాని వేడికి చేతులు కాచుకుంటూ అరగంట అక్కడే నిలబడ్డాను.

నా కష్టం ఆ రోజు మొదలైంది. దాన్ని ఇలా రాసి పెట్టడానికి కారణం ఉంది. మా జిల్లాలో బాడుగ కార్లు తోలేవాళ్ళు లైసెన్సు మళ్ళీ రాయించుకోవాలంటే ఇప్పుడు డాక్టరు సర్టిఫికెట్టు తీసుకురావాలంటున్నారు. ఆసుపత్రి మెట్లెక్కే ముందు మావాళ్ళు పడే బెంగ అంతా ఇంతా కాదు. లోపల ఏం చేస్తారో తెలియకపోవడమే ఆ బెంగలో సగం. ఆ బెంగతో నేను చేసిన తెలివితక్కువ పని మరొకరు చెయ్యకూడదని నా ఆశ.

నా పేరు పైడయ్య. కొల్లేటి లంకలో పుట్టాను. మావాళ్ళందరూ చేపలు పట్టుకుని దోనెల మీద బతుకుతుంటే, నేనొక్కణ్ణే చక్రాల మీద పడ్డాను. తాడేపల్లిగూడెంలో సుబ్బరాజు గారని వరి పొలాలున్న పెద్ద రైతు. ఆయన కారును స్టేషన్ స్టాండులో పెట్టి బాడుగకు తోలుతుంటాను. అది పాత కారు. గేరు మార్చాలంటే ఇంజను గొంతు విని, సరిగ్గా అదును చూసి వెయ్యాలి. అదును తప్పితే లోపల పళ్ళు కరుచుకుని ఊరంతా వినపడేలా ఏడుస్తాయి. అప్పటిదాకా నా చేతిలో ఆ కారు ఏడవలేదు. కళ్ళు మూసుకుని కూడా గేరు మార్చగలనని స్టాండులో కోతలు కోసేవాణ్ణి. నాకు పొగరు కాస్త ఎక్కువేనని మా ఆవిడ మంగమ్మ అంటుంది. కాదని ఎవరితోనూ అనిపించలేకపోయాను.

జ్వరం రోజు విడిచి రోజు వచ్చేది. మధ్యాహ్నం చలి, ఆ తరవాత ఒళ్ళు కాలిపోవడం, సాయంత్రానికి చెమటలు పట్టి దిగిపోవడం. మర్నాడు మామూలు మనిషినే. అందుకని నేను జ్వరంతోనే ఒప్పందం చేసుకున్నాను. ఎవరైనా బేరానికి వస్తే వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి, చలి రోజు అయితే "ఆ రోజు కారు ఖాళీ లేదండీ, ద్వారకా తిరుమల వెళ్తోంది" అనేవాణ్ణి. వెంకన్న బాబు పేరు చెప్తే ఎవరూ ఎదురు మాట్లాడరు.

మంగమ్మ మాత్రం మాట్లాడింది. "మావా, ఇది చలిజ్వరం. మా నాన్నకి వచ్చింది ఇదే. ఆసుపత్రికి పద."

"కారెవడు తోల్తాడే?"

"కారు తోలడానికి నువ్వుండాలిగా ముందు?"

అప్పుడే పోలీసు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రెండు నెలల్లో లైసెన్సు గడువు అయిపోతుంది, ఏలూరు పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకుని డాక్టరు గారి సర్టిఫికెట్టు తెచ్చి చూపించాలి. నాతోపాటు స్టాండులో మరో అయిదుగురికి అదే కాగితం వచ్చింది. అందరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

మా స్టాండులో గవరయ్య పెద్దవాడు. జర్మనీ యుద్ధంలో బస్రా దాకా వెళ్ళి లారీలు తోలి వచ్చినవాడు. మా అందరిలో వైద్యపరీక్ష అనేదాన్ని కళ్ళతో చూసింది అతనొక్కడే. ఇక అతను చెప్పిందే వేదం. "ముందు నాలిక చూస్తారు. తెల్లగా ఉందా, ఇంటికే. చింతపండెట్టి తోముకోండి. తరవాత ఒంటికాలి మీద నించోబెడతారు. ఊగావా, ఇంటికే" అని చెప్పేవాడు. రైలుకీ రైలుకీ మధ్య తీరిక దొరికితే చాలు, ఆరుగురం వరుసగా ఒంటికాలి మీద నిలబడేవాళ్ళం. కొల్లేటి కొంగలు గూడెం వచ్చాయని స్టేషన్ కూలీలు నవ్వేవారు.

ఒక రోజు గవరయ్య నన్ను పక్కకు పిలిచాడు. "నీ మొహం పాలిపోయిందిరా పైడయ్యా. జొరం కాస్తోంది కదూ?"

లేదన్నాను. అతను నమ్మలేదు.

"జొరంతో ఎళ్ళావంటే గోవిందా. పొట్ట నొక్కి చూస్తారు. లోపల బల్ల కట్టిందంటే కలంతో నీ పేరు కొట్టేస్తారు. ఈలోపు క్వయినా బాగా పట్టించు. పరీక్ష నాటికి ఒళ్ళు చల్లగా ఉండాలి."

బల్ల అంటే చలిజ్వరం ముదిరినవాళ్ళకు ఎడమ డొక్కలో గట్టిగా తగిలే గడ్డ. ఆ రోజు నా డొక్క నేనే తడిమి చూసుకున్నాను. చేతికి తగిలింది. లైసెన్సు పోతే నాకు మరో విద్య రాదు. వలలు వదిలేసి పదేళ్ళయింది. పోనీ మళ్ళీ పట్టుకుందామన్నా, మా లంకలో ఎంత గొప్పలు పోయి వచ్చానని! ఆ మొహం పెట్టుకుని తిరిగి వెళ్ళడం నావల్ల కాదు.

పోస్టాఫీసులో క్వయినా, అంటే క్వినైన్ పొడి, పొట్లాలు కట్టి అమ్ముతారు కదా, అవి తెచ్చాను. పొట్లం మీద ఎంత వేసుకోవాలో రాసి ఉంది. దానికి మూడింతలు మింగాను. నోరు విషమైపోయింది, కడుపులో తిప్పింది, కానీ మూడో చలి రోజుకు చలి రాలేదు. ఆ ఆనందం ఏమని చెప్పను! డాక్టర్లకు చూపించకుండా నా జ్వరాన్ని నేనే తగ్గించుకున్నానని మంగమ్మ ముందు మీసం దువ్వాను. జ్వరం పోయినా మందు మానలేదు. మానేస్తే పరీక్ష నాటికి తిరగబెడుతుందేమోనని భయం.

వారం తిరిగేసరికి ఒక పొద్దున, హ్యాండిల్ తిప్పి ఇంజను స్టార్టు చేయగానే సన్నటి కూత వినిపించింది. బేరింగు పోయిందనుకున్నాను. ఫ్యాన్ బెల్టు విప్పాను, డైనమోకు గ్రీజు పెట్టాను, నీళ్ళ పంపు ఊడదీశాను. మధ్యాహ్నానికి సుబ్బరాజు గారు షెడ్డులోకి వచ్చి తెల్లబోయారు.

"ఇదేవిటయ్యా పైడయ్యా, కారులో ఉండాల్సినవన్నీ నేల మీదున్నాయి?"

"లోపల ఏదో కూస్తోందండీ."

ఆయన వంగి చెవి పెట్టి విన్నారు. "నాకేం వినపడ్డం లేదయ్యా."

కార్ల సంగతి రైతులకేం తెలుసులే అని మనసులో అనుకుని, అన్నీ మళ్ళీ బిగించాను. కూత పోలేదు. కారు షెడ్డులో పెట్టి ఇంటికి వచ్చాను. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను. ఆ కూత నాతోపాటే ఇంటికి వచ్చి, పీట పక్కనే కూర్చుంది. అప్పుడు గాని నా బుర్రకు వెలగలేదు. కూసేది బేరింగు కాదు, నా చెవులు.

గవరయ్యను అడిగితే తేలిగ్గా తీసేశాడు. "చెవులు మోగుతున్నాయంటే మందు ఒంటికి పట్టిందన్నమాటే. మంచి గుర్తు." నేను అది నమ్మి మరో పొట్లం పెంచాను. గవరయ్యను తప్పు పట్టను. అతనికి తెలిసింది అతను చెప్పాడు. మింగింది నేను.

తరవాత పది రోజుల్లో లోకమంతా దూది చుట్టుకుంది. ఇంజను ఎక్కడో పక్క ఊళ్ళో నడుస్తున్నట్టుండేది. గేరు అదును అందక, ఏనాడూ ఏడవని కారు రోజూ ఏడ్చేది. అది ఏడుస్తోందని కూడా చెవికి తెలియదు, చేతికి అదురు తగిలి తెలిసేది. వెనక కూర్చున్నవాళ్ళ పెదవులు అద్దంలో చూసి జవాబు చెప్పేవాణ్ణి. తప్పు జవాబు చెప్తే నవ్వేసేవాణ్ణి. చెవులు పోయాయని తెలిసి కూడా కారు తోలాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పెంటపాడులో సూరమ్మ గారని ఒక పెద్దావిడ. భర్త పోయాక పొలం తనే చేయించుకుంటున్నారు. పనిబడి గూడెం రావాలంటే నా కారే పిలిపిస్తారు. ఆ రోజు వాళ్ళ వాకిట్లో కారు ఆపి, ఇంజను ఆపకుండానే కూర్చున్నాను. ఆవిడ ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టగానే కారు కొంచెం కుంగింది. ఎక్కి కూర్చున్నారనుకుని క్లచ్ వదిలాను. నాలుగు గజాలు పోయాక అద్దంలో చూస్తే వెనక సీటు ఖాళీ.

దిగి పరుగెత్తాను. ఆవిడ నేల మీద కూర్చుని కుడి మణికట్టు పట్టుకుని ఉన్నారు. అప్పటికే అది వాచిపోతోంది. మొహం నొప్పితో ముడుచుకుపోయింది. ఆవిడ ఏదో అంటున్నారు, నాకు పెదవులు కదలడం మాత్రమే కనిపిస్తోంది.

"గేరు జారిందండీ, పాత కారు కదండీ" అన్నాను. మళ్ళీ నెపం కారు మీదే వేశాను. కట్లు కట్టేవాడు వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను తిట్టి ఉంటే ఆ రోజు అన్నం తినగలిగేవాణ్ణేమో.

ఇది జరిగిన నాలుగో రోజు ఏలూరులో నా పరీక్ష. పొద్దుటి రైలుకు వెళ్ళాను. అక్కడ ఏం జరుగుతుందో వరసగా చెప్తాను, మీకు పనికి వస్తుంది.

ముందు వరండాలో కంపౌండరు ఎత్తు, బరువు చూస్తాడు. ఒక గాజు సీసా ఇచ్చి మూత్రం పట్టి తెమ్మంటాడు. దాన్ని స్పిరిట్ దీపం మీద కాచి చూస్తారు, షుగరు ఉందేమో అని. సిగ్గుపడాల్సిందేమీ లేదు. తరవాత డాక్టరు గారి గది. కళ్ళద్దాలు పెట్టుకున్న నెమ్మదైన మనిషి. గోడకు అక్షరాల అట్ట వేలాడుతుంది. ఒక కన్ను మూసి చదవాలి. ఇంగ్లీషు రానివాళ్ళకు వేరే అట్ట ఉంది, అందులో మూడు కాళ్ళ గుర్తు ఉంటుంది, ఆ కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు. తరవాత రంగురంగుల ఉన్ని దారపు ఉండలు గంపెడు ముందు పోసి ఎర్రవన్నీ ఒక పక్క, పచ్చవన్నీ ఒక పక్క పెట్టమంటారు. గుండె మీద స్టెతస్కోపు పెడతారు. ఉన్నచోటే పరుగెత్తించి మళ్ళీ పెడతారు. కళ్ళు మూసుకుని వేలితో ముక్కు కొస ముట్టుకోమంటారు. మోకాలి కింద రబ్బరు సుత్తితో కొడితే కాలు దానంతటదే ఎగురుతుంది, భయపడకండి. నాలుక ఎవరూ చూడలేదు. ఒంటికాలి మీద ఎవరూ నిలబెట్టలేదు.

ఇవన్నీ గట్టెక్కాను. చెప్పేటప్పుడు డాక్టరు గారి పెదవులూ చేతులూ చూసి అర్థం చేసుకుంటున్నాను. అంతలో ఆయన వెనక్కి తిరిగి గోడవైపు నిలబడమని చేత్తో చూపించారు.

గవరయ్య దీని గురించి చెప్పాడు. వెనక నుంచి చిన్న గొంతుతో అంకెలు చెప్తారు, మనం తిరిగి చెప్పాలి. గోడ వైపు చూస్తూ చెవులు రిక్కించాను. కూత తప్ప ఏమీ లేదు. అరనిమిషం గడిచింది. ఇంక ఊరుకుంటే దొరికిపోతానని, తెగించి "ఎనభై మూడండీ" అన్నాను. మరికొంచెంసేపు ఆగి "అరవై రెండండీ" అన్నాను.

భుజం మీద చెయ్యి పడింది. డాక్టరు గారు నన్ను తన వైపు తిప్పుకున్నారు. చెవి దగ్గరగా వంగి గట్టిగా చెప్పారు.

"నేనింకా ఏమీ అడగలేదయ్యా."

భూమిలో కుంగిపోయినట్టయింది. ఆయన మాత్రం కోప్పడలేదు. ట్యూనింగ్ ఫోర్క్ అని ఇనప చీలికలాంటిది బల్లకు కొట్టి, నా చెవి ముందు ఒకసారి, వెనక ఎముక మీద ఒకసారి పెట్టి చూశారు. తరవాత మళ్ళీ చెవిలో అరిచారు. "క్వయినా ఎంత మింగావు?"

ఈయనకెలా తెలిసింది? లేదని చెప్పబోయాను. ఆయన నా రెప్ప కిందికి లాగి చూశారు, బల్ల మీద పడుకోబెట్టి ఎడమ డొక్కలో వేళ్ళు దింపారు. "స్ప్లీన్, అదే మీరనే బల్ల, మూడు వేళ్ళు దిగింది. మలేరియా. దాన్ని నా దగ్గర దాచడానికి చెవులు పోగొట్టుకున్నావు. అవునా?"

నాకు ఏడుపు వచ్చేసింది. మొదటి రోజు చలి దగ్గర నుంచి అన్నీ చెప్పాను. పొట్లాల లెక్క చెప్పాను. ఎవరూ అడగని సూరమ్మ గారి సంగతీ చెప్పాను.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. తరవాత కాగితం తీసి, నేను చదువుకునేలా తెలుగులో పెద్ద అక్షరాలు రాసి చూపించారు. "జ్వరంతో వచ్చి ఉంటే మందు ఇచ్చి, తగ్గాక రమ్మనేవాణ్ణి. అంతే."

అంతే! ఆ ఒక్క మాటకు నేను గోడకు తల కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, కంపౌండరు వచ్చి పట్టుకున్నాడు. సర్టిఫికెట్టు కాగితం మీద డాక్టరు గారు 'టెంపరరీ అన్‌ఫిట్' అని రాశారు. నా కళ్ళకు అన్‌ఫిట్ ఒక్కటే కనిపించింది. ఆయన మొదటి మాట కింద వేలు పెట్టి, "దీన్ని చదువు" అన్నారు.

అదే రోజు వార్డులో చేర్చుకున్నారు. వేలి కొస గుచ్చి రక్తం గాజుపలక మీద పూసి బ్లడ్ స్మియర్ అని తీసుకెళ్ళారు. అందులో మలేరియా పురుగు కనిపించిందని మర్నాడు చెప్పారు. క్వయినా పూర్తిగా ఆపేశారు. అయిదో రోజున పాత చలి మళ్ళీ తిరగబెట్టింది, ఈసారి మరీ ఉధృతంగా. మంచం గోడకు కొట్టుకునేంత వణుకు. తల దగ్గర టెంపరేచర్ చార్టు మీద గీత నిట్టనిలువుగా లేచింది. ఇటు జ్వరమూ పోలేదు, అటు చెవులూ రాలేదు. ఆ రెండు రోజులు బతుకు మీద ఆశ వదులుకున్నాను. డాక్టరు గారు ఆటిబ్రిన్ అని కొత్తగా వస్తున్న పసుపుపచ్చ మాత్రలు ఇప్పించారు. వాటిని నర్సు ఎదురుగా నిలబడి, లెక్క చూసి, మింగేదాకా కదలకుండా వేసేది. నా లెక్కలు ఆసుపత్రిలో సాగలేదు.

జ్వరం దిగింది. ఒళ్ళంతా మాత్రం పచ్చబడింది. చూడటానికి వచ్చిన మంగమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, చేతులతో అభినయించి మరీ చూపించింది. "పసుపు రాసిన పెళ్ళికొడుకులా ఉన్నావు మావా. మన పెళ్ళప్పుడు కూడా ఇంత పచ్చగా లేవు." వార్డంతా నవ్వింది. మూడు వారాల తరవాత మొదటిసారి నేనూ నవ్వాను.

డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు గారు దోమతెర లేకుండా పడుకోవద్దన్నారు. ఇనుము కలిసిన టానిక్కు ఇచ్చారు. చెవుల సంగతి అడిగితే, "వస్తాయనే అనుకుంటున్నాను. ఎంత వస్తాయో ఇప్పుడే చెప్పలేను. మూడు నెలలకు కనపడు" అని కాగితం మీద రాశారు. అబద్ధపు ధైర్యం చెప్పనందుకు ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే గౌరవం కలుగుతోంది.

సుబ్బరాజు గారు కారు మరొకరికి ఇవ్వకుండా షెడ్డులో పెట్టి ఉంచుతానన్నారు. నేను మంగమ్మతో లంకకు వచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలా అని భయపడిన చోటికే వెళ్ళాను. ఎవరూ ఏమీ అనలేదు. పొద్దున దోనెలో కూర్చోబెట్టి నీళ్ళ మీదకు తీసుకెళ్ళేవారు. చిరిగిన వలలు నా ముందు పడేసేవారు, బాగుచేసేవాణ్ణి. మంగమ్మ తెర కుట్టి మంచానికి కట్టింది. "చేపలకి వల ఎయ్యడమే తెలుసు. మనకి మనం ఏసుకోవడం ఇదే మొదలు" అని వాళ్ళక్కతో అందట. చాలా మాటలు ఆ రోజుల్లో నాకు 'అట'గానే తెలిశాయి.

నెల దాటింది. కూత సన్నబడింది గాని దూది వీడలేదు. ఒక రోజు పొద్దున నేను వల ముడులు వేసుకుంటున్నాను. నా వెనక మంగమ్మా వాళ్ళక్కా బూడిద రాసి చేపలు తోముతున్నారు. ఉన్నట్టుండి, గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఒక గొంతు చెవిన పడింది.

"చెవులు రాకపోతే పోనీలే అక్కా. దోనె తొయ్యడానికి చెవులెందుకు? మనిషి దక్కాడు, అదే పదివేలు. కానీ ఆ కారు చప్పుడు లేకపోతే ఈయన ఈయనలా ఉండడు. అదే నా ఏడుపు."

చేతిలో దారం ఆగిపోయింది. నా ముందు రోజూ నన్ను వేళాకోళం చేసి నవ్వించే మనిషి, నా వెనక ఇలా బెంగపడుతోందని అప్పుడే తెలిసింది. తిరిగి చూడబోయి ఆగాను. ఇంకా వినాలనిపించింది. వాళ్ళక్క ఏదో అంది, అది అందలేదు. మంగమ్మ జవాబు మాత్రం అందింది.

"గురక సంగతి అడక్కు. ఈయనకి వినపడదు గానీ కొల్లేరంతా వినపడుద్ది."

ఆపుకోలేక నవ్వేశాను.

"ఎందుకు నవ్వుతున్నావు మావా?" అంది వెనక నుంచి.

"ఏం లేదే" అన్నాను.

తరవాత చేపల గిన్నె కింద పడిన చప్పుడు, అది కూడా విన్నాను. బూడిద చేతులతోనే నా మొహం పట్టుకుని భోరున ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వాళ్ళక్క చేపలు ఏరుకుంటూ, కాకులొస్తున్నాయి చూడండర్రా అని మొత్తుకుంది.

చెవులు కొంచెం కొంచెంగా తెరుచుకున్నాయి. మూడు నెలలు నిండే ముందు రోజు గూడెం వచ్చి, అక్కడి నుంచి పెంటపాడు నడిచి వెళ్ళాను. సూరమ్మ గారు వడ్లు ఎండబోయిస్తున్నారు. చెయ్యి కట్టు విప్పేశారు. నిలబడే చెప్పాను. "గేరు జారలేదండీ. నాకు చెవులు వినపడలేదండీ. తెలిసే కారు తోలానండీ."

కాలితో వడ్లు తిరగేస్తున్న ఆవిడ ఆగి నా వైపు చూశారు. "నాకు అప్పుడే తెలుసు నాయనా. 'ఉండు, ఉండు' అని రెండుసార్లు గట్టిగా అరిచాను. నువ్వు తల కూడా తిప్పలేదు. ఆ మాట బయటంటే నీ పొట్ట కొట్టినదాన్నవుతానని ఊరుకున్నాను." మణికట్టు ఒకసారి తిప్పి చూపించారు. "నా చెయ్యి అతుక్కుంది. నీ చెవులు అతుక్కున్నాయా?"

"రేపు డాక్టరు గారు చెప్తారండీ" అన్నాను. మంచినీళ్ళు ఇచ్చి పంపించారు.

మర్నాడు ఏలూరులో అదే గది, అదే గోడ. డొక్కలో వేళ్ళు పెట్టి స్ప్లీన్ వెనక్కి వెళ్ళిందన్నారు. తరవాత వెనక్కి తిరిగి నిలబడ్డాను. కంపౌండరు నా ఎడమ చెవి వేలితో మూశాడు. కుడి చెవికి అంకె స్పష్టంగా వినిపించింది. చెప్పాను. మరొకటి, అదీ చెప్పాను. ఇప్పుడు కుడి చెవి మూశాడు. వెనక ఏదో గుసగుసలాంటిది కదిలింది, అంకె మాత్రం అందలేదు. యాభై ఏదో అనిపించింది. యాభై ఆరా? యాభై ఏడా? నోటి దాకా వచ్చింది. ఊహించి చెప్తే తగిలినా తగలొచ్చు. తగిలితే సాయంత్రానికి కారు నాది. తగలకపోయినా ఒక అంకె తప్పిందంటారు గాని చెవిటివాడనరు. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోట చూస్తూ నిలబడ్డాను. సూరమ్మ గారు రెండుసార్లు అరిచానన్న మాట గుర్తొచ్చింది.

"ఎడమ చెవికి వినపడలేదండీ" అన్నాను.

డాక్టరు గారి చెప్పుల చప్పుడు రెండు అడుగులు దగ్గరకు వచ్చింది. మళ్ళీ చెప్పారు.

"నలభై ఒకటండీ. ఇప్పుడు వినపడిందండీ."

ఆయన బల్ల దగ్గరకు వెళ్ళి చాలాసేపు రాశారు. కుడి చెవి పూర్తిగా బాగుంది, ఎడమ చెవి కొంచెం తక్కువ, బాడుగ కారు తోలడానికి ఫిట్, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. కాగితం నా చేతిలో పెడుతూ నవ్వారు. "కిందటిసారి అడక్కుండానే చెప్పావు. ఈసారి అడిగినా చెప్పలేదు. నాకు ఇదే నచ్చిందయ్యా."

ఇది జరిగి ఏడాది దాటింది. ఎన్నికల రోజులు కదా, కారుకు ఊపిరి సలపడం లేదు. పొద్దున లేవగానే ఎడమ చెవిలో కాసేపు కూత ఉంటుంది, మొహం కడుక్కునేసరికి సర్దుకుంటుంది. జ్వరం మళ్ళీ రాలేదు. వచ్చేలా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్తాను. లెక్కలు మంగమ్మ చూసుకుంటుంది, నా చేతికి పొట్లం ఇవ్వదు. వెనక్కి పూర్తిగా తిరిగి, ఎక్కినవాళ్ళు కూర్చున్నారని కళ్ళతో చూశాకే క్లచ్ వదులుతున్నాను. నన్ను చాదస్తుడంటున్నారు, అననివ్వండి. గవరయ్యకు కూడా పరీక్ష అయింది. చూపు తగ్గిందని అట్ట ముందు తనే చెప్పుకున్నాడట. కళ్ళద్దాలు రాసిచ్చారు, లైసెన్సు లాక్కోలేదు. ఇప్పుడు ఆ అద్దాలు మాకందరికీ పెట్టి చూపిస్తున్నాడు.

మీ పరీక్ష దగ్గరపడితే నేను చెప్పేది ఒక్కటే. జ్వరం ఉంటే ఉందనండి, ఏం మందు ఎంత మింగుతున్నారో గదిలో అడుగు పెట్టగానే చెప్పండి. వెనక నుంచి చెప్పిన అంకె వినపడకపోతే వినపడలేదనండి. మన బండి ఎక్కే మనిషి ఎప్పుడూ మన వెనకే ఉంటుంది. ఆగమని అరిస్తే వినడానికి ఆవిడకు మనం తప్ప ఇంకెవరూ లేరు.